భోజనశాలయు భోక్త మనస్సును
(వార్షిక మహాసభ రెండవ దినమున నొసంగిన యుపన్యాసము)



నిన్నటి దినమున నీ వేదికనుండి విద్యానిధిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు మాకంటె నెక్కువ తెలిసినవారు ప్రసంగించిరి. నేడు మేము హోటళ్ళను గూర్చి మాటలాడ నిలుచుట చూచి, భోజనవేళ సమీపించుటచే మాకీ విషయము తోచినదని కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వినను తప్పులేదు. అయినను మనవారిలో హోటళ్ళు నడపువా రెందరో, మెస్సులలో తినుచు చదువుకొను పిల్లలెందరో, ఈ సభకు వచ్చుచు త్రోవలో నేదో యొక భోజనశాలయందు కూర్చుండి లేచినవా రెందరో యొకసారి లెక్కింపుడు. ఇంట దినుట తగ్గి బయట దినుట హెచ్చిన కాలమిది. తిన్న యన్నము దేహమున కేమి చేయునో చెప్పు వైద్యులు వీధి కొకరున్నారు. తిన్న చోటు మనస్సున కేమి చేయునో విచారించువారు మాత్ర మరుదు. మాకు తెలిసినంతవరకు నా సంగతి మీకు విన్నవింతుము.

మొదట మా యింటి ముచ్చట యొకటి చెప్పుటకు సెలవిండు. మాకు నుద్యోగమైన సంవత్సరమున మా తండ్రిగారిని నగరమునకు తోడ్కొనివచ్చితిమి. ఆయన వ్యవసాయదారు, మోకాలి పంచె, భుజముపై తువాలు, చేత కర్ర. మొదటి జీతముతో నాయనకు మంచి భోజనము పెట్టింపవలెనని చల్లగాలి యంత్రములుగల యొక పెద్ద హోటలునకు గొనిపోయితిమి. ద్వారముకడ నిలిచినవాడు మమ్ము జూచి తలుపు తీసెను. మా వెనుక వచ్చు నాయనను జూచి యొక్క క్షణము సందేహించెను. లోపల నేల యద్దమువలె మెరయుచుండెను. మా తండ్రిగారు చెప్పులు బయట విడిచివచ్చుటకు వెనుదిరుగగా నొక కుఱ్ఱ సర్వరు నవ్వు నాపుకొనెను. వంటకముల పట్టిక యింగ్లీషులో నుండెను. సర్వరు వచ్చి, ఆయన యెదుటనే కూర్చుండి యుండగా, “ఆయనకేం కావాలి?” అని మమ్మడిగెను. మూడు చేలకవతల నున్న పాలేరును కేకవేసి పిలువగల మా తండ్రిగా రానాడు గుసగుసలాడినట్లు మాటలాడిరి. ఒకింత పెరుగన్నము మాత్రము తిని చాలుననిరి. గదికి వచ్చిన తరువాత, “అటుకులేమన్నా ఉన్నాయిరా?” అని యడిగిరి.

మరునా డుదయమున మేము లేవకముందే యాయన వీధిచివరి కాకాహోటలునకు తామే వెళ్ళి నాలు గిడ్లీలు తిని వచ్చిరి. హోటలువాని స్వగ్రామమేదో, వాని పిల్లలెందరో, ఆ సంవత్సరము వాని యూర మిరప యే ధర పలికెనో, సర్వము కనుగొని వచ్చిరి. ఆ యిడ్లీలు మంచివి కావు. మేమును తిని యెరుగుదుము.

ముందటి రాత్రి తినలేని యాకలి యీ చెడ్డ యిడ్లీలకడ నెట్లు లేచెనని మేము చాలకాల మాలోచించితిమి. ఇది మన పూర్వు లెరుగని సంగతి గాదు. చరకసంహిత విమానస్థానమునం దాహారవిధిని చెప్పుచు, మనసున కింపైన చోట, ఇంపైన యుపకరణములతో, మిక్కిలి త్వరగా గాని మిక్కిలి జాగుగా గాని కాక, తినుదానియందు మనసు నిలిపి భుజింపవలెనని చెప్పబడినది. పథ్యమైన యన్నమునే మితముగా దినినను చింత, శోకము, భయము, క్రోధము కలవాని కది జీర్ణము కాదనియు నా గ్రంథమే చెప్పుచున్నది. పాశ్చాత్యులు దీనిని కంటితో జూచిరి. 1822లో నమెరికాలో సెయింట్ మార్టిన్ అను యువకునికి తుపాకి గాయమై, కడుపునందలి రంధ్రము పూర్తిగా మానక నిలిచిపోయెను. బోమాంట్ అను సైన్యవైద్యు డా రంధ్రమునుండి యనేక సంవత్సరములు జఠరమును పరీక్షించి, కోపభయాదులచే దాని లోపలి పొర రంగును, రసమును మారుటను గుర్తించి, 1833లో గ్రంథము ప్రకటించెను. రష్యాదేశపు పావ్లోవ్ కుక్కలను పరీక్షించి, ఆహారము కడుపును చేరకముందే రుచిచేతను ఆశచేతను జఠరరస మూరునని నిరూపించెను. జీర్ణక్రియను గూర్చిన కృషికే 1904లో నోబెల్ బహుమానము నందెను. వాల్టర్ కానన్ యను వైద్యవిద్యార్థి యప్పటికి క్రొత్తగా కనుగొనబడిన ఎక్స్‌రేలతో పిల్లుల జఠరమును చూచుచు, పిల్లి కలతపడగానే యా జఠరపు కదలికలు నిలిచిపోవుటయు, శాంతింపగానే మరల నారంభించుటయు 1898లో ప్రకటించెను. కావున ద్వారపాలకుని యా క్షణకాలపు సందేహము మా తండ్రిగారి జఠరాగ్నికి తగిలినదని మే మనుట యలంకారము కొరకు గాదు.

ఇక పరిసరముల సంగతి. వానిలో చెవికి సంబంధించినదానిని మనము బొత్తిగా నుపేక్షించుచున్నాము. గోడలకు రంగు వేయింతుము, దీపములు వ్రేలాడదీయుదుము. చప్పుడును గూర్చి యెవరును విచారింపరు. లొంబార్డ్ అను ఫ్రెంచి వైద్యుడు 1911లో నొక సంగతి చెప్పెను: చుట్టును చప్పుడు హెచ్చినకొలది మనుష్యుడు తా నెరుగకయే గొంతు పెంచును. హాలులో నొక బల్లవారు గొంతు పెంచిన ప్రక్క బల్లవారును పెంతురు. వారిచే మొదటివారు మరల పెంతురు. ఇట్లు కొంతసేపటికి నందరును కేకలు వేయుచుందురు, ఎవరికిని కోపము లేదు. ఇరువురు సాధారణముగా మాటలాడుకొను ధ్వని దాదాపు 60 డెసిబెళ్ళు. నిండిన హోటలులో నది సులభముగా మించిపోవును. గ్రానైటు నేల, అద్దపు గోడలు, ఉక్కు పళ్ళెములు, సున్నపు కప్పు, ఇవియన్నియు ధ్వనిని మ్రింగక తిరుగగొట్టునవి. సాబిన్ అను శాస్త్రజ్ఞుడు 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున నొక యుపన్యాసశాలయందు మాట యర్థము గాకుండుటకు కారణము వెదకుచు, ప్రక్కనున్న నాటకశాలలోని కుర్చీ మెత్తలను తెచ్చి పరచి చూచెను. దాదాపు 5న్నర సెకనులు మ్రోగుచుండిన ధ్వని యా మెత్తలన్నియు పరచునప్పటికి ఒకసెకను ప్రాంతమునకు దిగెను. మెత్తలకును తెరలకును గల శక్తి యిది. మన కల్యాణమండపములు కట్టించిన పోషకులు మమ్ము క్షమింతురుగాక, వానిలో పెండ్లిభోజనము చేయుచు ప్రక్కవానితో నొక్క కుశలప్రశ్న యడుగుట మాకింతవరకు సాధ్యము కాలేదు.

చప్పుడు మాటనే కాదు, రుచిని గూడ హరించును. 2011లో నింగ్లండులోని పరిశోధకులు కొందరిచే చెవులకు యంత్రములు పెట్టించి, రొద వినిపించుచు తినిపింపగా, తీపియు నుప్పును తగ్గినట్లు వారు చెప్పిరి. కూరలో నుప్పు చాలలేదని వంటవానిని దూషించు యజమానులు దయచేసి యొకసారి హాలులోని రేడియోను కట్టించి చూతురుగాక. సంగీత మెల్లప్పుడు చెరుపే యని మా యభిప్రాయము కాదు. మిల్లిమన్ అను పండితుడు 1986లో ప్రకటించిన పరీక్షయందు, విలంబితమైన సంగీతము వినుచు తిన్నవారు సగటున 56 నిమిషములును, ద్రుతసంగీతము వినినవారు 45 నిమిషములును బల్లకడ కూర్చుండిరి. నెమ్మదిగా కూర్చున్నవారు పానీయములకు మరికొంత వ్యయపెట్టిరి గూడ. ఇది యజమానులకు నష్టము కాదని గమనింపుడు.

చల్లగాలిని గూర్చి యొక్కమాట. ఒకే వంట, ఒకే వంటవాడు, ఏ.సి. హాలులో నొక ధర, బయటి హాలులో నొక ధర. 2017 జూలైలో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు ప్రభుత్వమువారు సయితము చల్లని హోటలుకు 18, మామూలు హోటలుకు 12 శాతముగా పన్ను విధించి, ఆ సంవత్సరము నవంబరులో రెంటికి 5 శాతముగా సమముచేసిరి. పన్ను సమమైనది గాని యద్దపు తలుపు మిగిలియున్నది. ఎండలో వచ్చినవానికి చల్లదనము సుఖమనుట నిజమే. మా తండ్రిగారికి మాత్ర మా చల్లదనము సుఖము నీయలేదు.

చోటుకంటె బలమైనది చోటనున్న మనుష్యుల తీరు. తెలుగువారు బయట తినుట నిన్న మొన్న నేర్చినది కాదు. ఓరుగంటి పూటకూళ్ళ యింట నొక రూకకు లభించిన భోజనమును క్రీడాభిరామము నోరూరునట్లు వర్ణించుచున్నది. ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తు డతిథులకు వండిపెట్టి, తన వంటలోని కొరతలను తానే చెప్పుకొని, దయతో భుజింపుడని వేడుకొనెడివాడు. ఆ మాట కూరకంటె ముందు కడుపులోనికి పోవును. లంకలగన్నవరమునందు డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగానివేళ వచ్చినవారికి సయితము విసుగక వడ్డించిరని గోదావరిసీమలో నేటికిని చెప్పుకొందురు. విజయవాడలో నొక పాత యిడ్లీహోటలు “బాబాయి” యను పిలుపుతోనే ప్రసిద్ధి కెక్కినది. సర్వరును “అన్నా” యనియు, వడ్డించు నామెను “పిన్నీ” యనియు బిలుచు మన యలవాటు వట్టి నోటిమాట కాదు. క్రొత్తయూర నొంటిగా తినువానికి గడియసేపైనను చుట్టరికము దొరకును.

ఈ చుట్టరికమునకు వెలియైనవారి సంగతి యిప్పుడు చెప్పక తప్పదు. కులసభలో నీమాట చెప్పుట కష్టముగా నున్నను, ఇచటనే చెప్పవలసియున్నది. ఒకప్పుడు చెన్నరాజధానిలోని హోటళ్ళ ముఖమున కులనామముతో పలకలు వ్రేలాడెను. లోపల నొక కులమువారికి వేరుచోటు, తక్కినవారికి వేరుచోటు. మన పెద్దలు కొందరు లోపలికి రానీయబడక తిరిగివచ్చిన కథలు మన యిండ్లలో వినియున్నాము, ఈ సభలలో జెప్పుకొనియున్నాము. ఆ పెద్దలే తమ యూర మరికొందరిని హోటలు అరుగు దిగువ నిలిపిన కథ మాత్రము జెప్పుకొనలేదు.

మాతో పాఠశాలలో చదివిన మిత్రు డొక డుండెను. లెక్కలలో మాకంటె మొనగాడు. బడి విడిచిన పిమ్మట నిరువురమును ఊరి టీకొట్టునకు పోవుచుంటిమి. మేము లోపల బల్లపై కూర్చుండువారము. అతడు బయట నిలుచువాడు. అతనికి వేరు గ్లాసు. దాని యడుగున ఎఱ్ఱరంగు చుక్క యుండెడిది. త్రాగి, తానే కడిగి, చూరుక్రింద బోర్లించిపోవువాడు. మేము బల్లపైనుండి చూచుచుంటిమి. ఏమియు ననలేదు. అట్లనవలెనని తోచనుగూడ లేదు. అతడు పెద్ద యుద్యోగముచేసి విశ్రాంతి నొందెను. కొంతకాలము క్రిందట నగరమున గలిసినప్పుడు మంచి హోటలులో కాఫీ త్రాగుచుంటిమి. అతడు కప్పును చేతి కెత్తుకొనుచు దాని యడుగును చూచి, మేము గమనించుట గమనించి, చిన్నగా నవ్వి, “ఇంకా పోలేదోయ్, ఎక్కడ తాగినా ముందు అడుగు చూస్తాను” అనెను. ఏబది సంవత్సరములు గడచినవి. వైద్యుని పరీక్షలలో నీ వ్యాధి కనబడదు.

1950 జనవరి 26 నుండి యమలులోనున్న రాజ్యాంగము 15వ యధికరణమున దుకాణములు, భోజనశాలలు, హోటళ్ళలోనికి కులమతాదుల కారణమున నెవరిని నిరోధింపరాదని శాసించినది. 17వ యధికరణ మస్పృశ్యతను రద్దుచేసినది. 1955లో దానికి శిక్షలు విధించు చట్టము వచ్చి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేర దృఢమైనది. అయినను రెండు గ్లాసుల పద్ధతి యంతటితో రూపుమాయలేదు. మరికొన్ని చోట్ల వేరు గ్లాసు పోయి కాగితపు కప్పు వచ్చినది. అందరికి కాగితపు కప్పైన మంచిదే. కొందరికే కాగితమైనచో నది పాత చుక్కయే.

హైదరాబాదు ఇరానీ హోటళ్ళ నీ సందర్భమున స్మరింపక తీరదు. పారసీకదేశమునుండి వచ్చినవారు నెలకొల్పిన యా హోటళ్ళలో చలువరాతి బల్ల, వంపుకొయ్య కుర్చీ, చాయ, ఉస్మానియా బిస్కత్తు ఉండెను. ఎవరు వచ్చినను అదే కుర్చీ. రిక్షావాడును కవియు నొకే బల్లకడ కూర్చుండిరి. ఒక చాయను ‘వన్ బై టూ’ చెప్పి యిరువురు గంటసేపు కూర్చున్నను లెమ్మనువాడు లేడు. ఓల్డెన్‌బర్గ్ అను నమెరికా పండితుడు 1989లో, ఇంటికిని పనిచోటికిని వెలుపల మనుష్యునికి మూడవ చోటు కావలెనని గ్రంథము వ్రాసెను. ఆ సంగతి యా హోటళ్ళలో కూర్చున్నవారికి వ్రాయకముందే తెలియును. నేడు వానిలో పెక్కు మూతపడినవి. మిగిలినవానిలో కొన్నింట బల్లలు తీసి నిలువబెట్టి త్రాగించుచున్నారు.

అయిదు రూపాయల భోజనములను గూర్చియు నొకమాట. హైదరాబాదు నగరపాలకసంస్థ 2014లో నట్టి భోజనమును ప్రారంభించినది. ఆంధ్రప్రదేశమున 2018లో తెరచిన అన్న క్యాంటీనులు 2019లో మూతపడి 2024లో మరల తెరవబడినవి. ధర కడుపునకు సంబంధించినదని యందరు చెప్పుదురు. మాకు తోచినది వేరు. ఆ యైదు రూపాయలు చేతనుండుటచే కూలివాడు తల యెత్తి పళ్ళె మడుగగలడు. బొత్తిగా నూరక పెట్టినచో నంత ధైర్యముగా నడుగడేమో.

స్త్రీల విషయము విస్తరించుటకు కాలము చాలదు. ఒక్క స్త్రీ తనంత హోటలునకు వచ్చి కూర్చున్నచో నెన్ని కన్ను లామెపై నిలుచునో ఇచటి సోదరీమణులను అడిగి తెలిసికొనుడు. తెరకట్టిన ‘ఫ్యామిలీ’ గదులు దానికి మందు కాలేదు. ఆ గదిలో నామెను దాచిరి, కన్నులు బయట నట్లే యున్నవి.

సర్వరునుగూర్చి యొకటి. మనము మధ్యాహ్నము పండ్రెండు గంటలకు తినుచుండగా వడ్డించువాడు తాను నాలుగు గంటలకు, వంటయింటి మూల నిలుచుండి తినును. అట్టివాని ముఖమున చిరునవ్వు లేదని మనకు కోపము! హోష్‌చైల్డ్ అను విదుషి 1983లో, విమానములలో వడ్డించు పరిచారికలను పరిశీలించి, జీతము కొరకు నవ్వు ముఖము పెట్టుకొనుట గూడ నొక శ్రమయే యని, ఆ శ్రమకు మనసు నలుగుననియు వివరించెను. సర్వరునకు వేళకు కూర్చుండి తిను చోటు చూపిన యజమాని హోటలులో వడ్డన తీరే వేరుగా నుండును. మనవారి హోటళ్ళలో రెండింట మేము దీనిని స్వయముగా చూచితిమి.

కలిసి తినుట వలని మేలు నేడు లెక్కలకును దొరకుచున్నది. ఆక్స్‌ఫర్డు పండితుడు డన్‌బార్ 2017లో ప్రకటించిన పరిశోధనయందు, తరచుగా నితరులతో కూడి తినువారు సంతోషమును, తమకు తోడున్నారను ధైర్యమును ఎక్కువగా కనబరచిరి. 2025 సంవత్సరపు ప్రపంచ సంతోష నివేదిక యమెరికాను గూర్చి చెప్పుచు, 2023లో ప్రతి నలువురిలో నొకరు ముందటి దినపు భోజనములన్నియు నొంటరిగానే తిన్నట్లును, అట్టివారు 2003 నాటికంటె 53 శాతము పెరిగినట్లును వ్రాసినది. మన పిల్లలు వేలకొలది యా దేశమున నున్నారు. ఇచటి నగరములలో మాత్ర మేమి? ఇంటికే పార్సిలు వచ్చును, ఫోను నెదుట నిలుపుకొని తిందురు. ప్రక్క గదివాని పేరు తెలియదు. వారిని మేము తప్పుపట్టము. మెస్సులో కూర్చుండ బుద్ధి పుట్టనిచో పార్సిలు తెప్పించుకొనక యేమి చేయుదురు?

ఇందువలననే యీ విషయము నీ సభకు తెచ్చితిమి. మన సంఘమువారు కట్టించుచున్న విద్యార్థివసతిగృహపు భోజనశాల నమూనాను కార్యాలయమున చూచితిమి. గ్రానైటు నేల, మూడువైపుల అద్దములు, ఎదుట పెద్ద టెలివిజను. చేతులు కడుగు తొట్టి భోజనపు బల్లల నడుమ. అదియుగాక, ప్రక్కన తలుపువేరుగా నొక చిన్నగది, “పోషకుల భోజనశాల” యని వ్రాసియున్నది. మహారాజపోషకులారా! మీ ధనము లేనిదే యీ యిల్లు పునాది దాటదు, మాకది తెలియును. అయినను మీ పాదములకు మ్రొక్కి చెప్పుచున్నాము, ఆ గది వలదు. ఒకే పంక్తిలో వడ్డన భేదము పాపమని మన యవ్వలు చెప్పిరి. గోడ యడ్డముగా కట్టినచో పంక్తి రెండైనదని చెప్పి తప్పించుకొనలేము. పల్లెనుండి వచ్చిన పిల్లవాడు దినమునకు రెండుసారు లా తలుపును చూచుచు తినును.

నిన్న మధ్యాహ్నము మన పందిటిలోనే యొక సంగతి జరిగినది. పోషకులకై వేరుగా వేసిన షామియానాలోనుండి యొక వృద్ధపోషకులు లేచి, ఇవతల పిల్లల పంక్తిలో మూడవ విస్తరికడ కూర్చుండిరి. వడ్డించువారు తడబడి ఆయనకు నేతిగిన్నె తేగా, ముందు ప్రక్కవానికి వేయుమనిరి. ఆ పంక్తివారు తక్కినవారికంటె చాల ఆలస్యముగా లేచిరి. ఏమి మాటలాడుకొనిరో మాకు వినబడలేదు.

భోజనశాలకు మేము కోరు మార్పులు కొద్దివి. ఆరుగురు ముఖాముఖిగా కూర్చుండు బల్లలు; కొన్ని గోడప్రక్కను, ఏలయన క్రొత్తగా వచ్చిన పిల్లవాడు మొదట గోడకు వీపునానించి కూర్చుండగోరును. కిటికీలకు ముతక నూలు తెరలు, కప్పుకు ధ్వనిని మ్రింగు పలకలు. కడుగుచోటు గోడ కవతల. టెలివిజను మరియొక గదికి. వంటవారికిని వడ్డించువారికిని కూర్చుండి తినుట కొక బల్ల. మొదటి నెల క్రొత్త పిల్లలతో పాతవారొకరు తప్పక కలిసి కూర్చుండుట. ఇందు తెరలకును బల్లలకును గావలసిన వ్యయమును లెక్కవేసి కార్యదర్శిగారి కిచ్చితిమి. అద్దములకు వేసిన మొత్తముకంటె నది తక్కువ.

వచ్చు మాసమున స్లాబు వేయుదురని యింజనీరుగారు చెప్పినారు. గోడ నిలిచిన తరువాత తీయుట కష్టమనియు నన్నారు. నమూనా కార్యాలయపు బల్లపై నున్నది. భోజనానంతరము మూడు గంటలవరకు నింజనీరుగారు నచటనే యుందురు; పోషకులు దయచేసి యచటికి విచ్చేసి, ఆ చిన్నగదిని గూర్చి తమ యభిప్రాయమును వ్రాతమూలముగా నిచ్చిపోవ ప్రార్థన.